వెనక్కి నడిచే తెల్లచొక్కా

ఆ కోటలో బావి పక్క గోడ దగ్గరికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళేవారు కాదు. మన దెయ్యాలకు పాదాలే వెనక్కి ఉంటాయంటారు. అక్కడి దెయ్యం ఏకంగా వెనక్కే నడుస్తుందట... వంగి వంగి, తల ఊపుకుంటూ.

ఇంగ్లండ్ రాజుగారి మీద యుద్ధం గెలిచిన పార్లమెంటు వాళ్ళు ఆయన్ని పట్టుకుని ఆ బావి పక్క బురుజులో పెట్టిన ఏడాది సంగతిది. రాజుగారి వీరాభిమాని సర్ ఆంబ్రోస్‌ని కూడా తెచ్చి కింద, ఒకప్పుడు రొట్టెలు కాల్చిన గదిలో పడేశారు. ఇద్దరి మధ్యా చీటీ ముక్క కూడా కదలకూడదని కట్టడి.

బావి దగ్గర కాపలా హెజెకియాది. పాపం, అప్పటికే రెండుసార్లు దెయ్యాన్ని చూసి పరుగు లంకించుకున్నాడు.

"మూడోసారి కదిలావో, దండు మొత్తం ముందు కొరడా దెబ్బలే," అన్నాడు సార్జెంటు మైల్స్. "దైవభక్తి ఉన్నవాడికి దెయ్యం భయమేంట్రా?"

"భక్తి ఉందండీ. ధైర్యమే లేదు."

ఆ రాత్రి గోడవారన తెల్లగా ఏదో కదిలింది. హెజెకియా కాళ్ళు పారిపోదామన్నాయి, వీపు వద్దంది. ప్రార్థన మొదలుపెట్టి సగంలో మాటలు మరిచిపోయాడు.

తెల్లచొక్కా గోడకేసి నేలదాకా వంగింది. ఒకడుగు వెనక్కి. మళ్ళీ వంగింది. ఇంకో అడుగు... నేరుగా ఇతనివైపే — ముఖం మాత్రం అటే.

వచ్చి వచ్చి దభీమని అతని పొట్టకు తగిలింది.

"దెయ్యం... దెయ్యం..." అని వణికిపోయింది, దెయ్యమే.

హెజెకియాకి ప్రాణం లేచొచ్చింది. పట్టుకుని ఇటు తిప్పితే, పడుకునే చొక్కాలో సర్ ఆంబ్రోస్. గుప్పిట్లో దారం కట్టిన చీటీ. తన గది కిటికీ ఊచ ఊడదీసుకుని, రాజుగారు పైనుంచి దించే ఉత్తరాల కోసం రోజూ వస్తున్నాడట.

"మరి ఆ వెనకనడక ఏమిటి దొరా? నా ప్రాణాలు తోడేశారు."

"రాజుగారికి వీపు చూపిస్తామా?" ఆయన నొచ్చుకున్నాడు. "అక్కడ కిటికీలో ఆయన ఉంటేనూ."

"ఈ చీటీలో ఏముంది?"

"ఇంకా చదవలేదు. గదికెళ్ళి, మోకరిల్లి చదవాలి."

అలికిడికి సార్జెంటు లాంతరుతో వచ్చాడు. చీటీ లాక్కుని పైకి చదివాడు.

"ఆంబ్రోస్, రేపు రాత్రికి పడవ సిద్ధం. ఇద్దరం పోదాం. నీ మర్యాద మండిపోను, ఈ ఒక్కరోజూ నాకు వీపు తిప్పి మామూలుగా నడువు. ఎవడికో ఒకడికి గుద్దుకుని కొంప ముంచేలా ఉన్నావు."

"చిత్తం ప్రభూ," అన్నాడు సర్ ఆంబ్రోస్, మోకాళ్ళ మీద కూలబడి ఏడుస్తూ.