మహానంది చేతిరాత

"సార్, చచ్చిపోయినాయన నాకు కవితలు పంపుతాండాడు."

రాత్రి బస్సెక్కి పొద్దునకల్లా కడప నుంచి కర్నూలొచ్చి, డిటెక్టివ్ గోవిందయ్య ఆఫీసులో కుర్చీ అంచున కూచుంది శివకుమారి. చెక్క మీద బొమ్మలు చెక్కి కాగితానికి అచ్చు తీయడం ఆమె పని. కవి మహానంది రాసేవాడు, ఆమె చెక్కేది. ఆయన పోయి ఏడాది. ఇప్పుడేమో కొన్నాళ్లుగా ఆమె వర్క్‌షాపు తలుపు తీసేసరికి తీగకు కొత్త అచ్చు వేలాడుతోంది. సిరా తడి ఆరలేదు. ఎన్నడూ చదవని కవిత, ఆయన చేతిరాతే.

తెచ్చిన అచ్చును బల్ల మీద పరిచింది. కొండ, పక్కన సెల్ టవరు, కింద కవితలో రెండు పాదాలు:

*నీళ్లింకిన బావిలోకి వంగి*
*నా పేరు పిలిచి చూడు.*

అసిస్టెంటు శ్రావణికి ఒళ్లు జలదరించింది. గోవిందయ్య మాత్రం కరెంటు బిల్లు చూసినట్టు చూశాడు. ఈయనకు దేవుడు భయమే పెట్టలేదేమో అనుకుంది శ్రావణి, కాస్త గర్వంగానే.

"మీ పనెట్లా సాగేదమ్మా?"

"మహానంది అన్న పల్చటి కాగితం మీద రాసిస్తాడు. దాన్ని చెక్కకు బోర్లా అంటించి, అక్షరాల వెంబడే చెక్కుతా. అచ్చు తీస్తే రాత సక్రమంగా పడతాది. బొమ్మ నేనే చెక్క మీద తిరగేసి గీస్తా."

"ఆయన దేంతో పోయినాడు?"

"జొరమన్నారు. అప్పటికి మాకు మాటల్లేవు. 'నా మాటలకు నువ్వు సోకులు చేస్తాండావు, అంతే' అన్నాడు. నాకు మండింది. 'అట్లయితే నువ్వే ఉలి పట్టి చూడు' అన్నా. ఆయన కోపం తీరలేదు సార్. మేం చేసిన చెక్కలన్నీ కాల్చేసి, షాపు మూసేస్తా."

"తాళంచెవులు?"

"నాదొకటి, ఖాళీ చేయమంటాండే ఇంటి ఓనరు ఓబుళేశుదొకటి. అన్న దగ్గరుండేది యాడ పోయిందో."

మధ్యాహ్నానికి ముగ్గురూ కడపలో ఉన్నారు. గోవిందయ్య అచ్చును వర్క్‌షాపు కిటికీకి ఆనించి పట్టుకున్నాడు. బయట అదే కొండ. టవరు మాత్రం కొండకు ఎడమన ఉంది. అచ్చులో కుడిన!

సాయంత్రం ఆయన ఓబుళేశునూ, మహానంది భార్య యశోదనూ అక్కడికే పిలిపించాడు. ఓబుళేశు రావడం రావడమే ఎగిరిపడ్డాడు. "ఖాళీ చేయమన్న మాట నిజమే. దానికి దయ్యాలను తోలుతానా అప్పా?"

"నువ్వు కాదులే, కూచో. రాత సక్రమంగా పడింది, కొండ తిరగబడింది. చెక్కే పని తెలిసినోళ్లకు ఈ పొరపాటు రాదు. కాగితం బోర్లా అంటించడం చూసి, బొమ్మను కూడా తిరగేయాలని తోచనోడు చెక్కినాడు. ఉలి పట్టి చూడమంటే పట్టినాడమ్మా మీ అన్న. బతికుండగా చెక్కినవే ఇవి. ఆయన ఇంట్లో చెక్కలు, ఆయన తాళంచెవి ఎవరికి దొరుకుతాయి?"

అందరూ యశోద వైపు తిరిగారు. ఆమె తల దించలేదు.

"ఔ, రాత్రిళ్లొచ్చి అచ్చులు తీసింది నేనే. ఉలి అరచేతిలో దిగింది ఆయనకు. గుడ్డ చుట్టుకుని మళ్లా చెక్కినాడు. చీము పట్టి, జొరమొచ్చి పాయె. నీ మాటకే పోయినాడు శివా. నువ్వూ భయపడి చావాలని చేసినా."

గోవిందయ్య నేల చూపులు చూడటం శ్రావణి అదే మొదటిసారి చూసింది. దయ్యం లేదని తేల్చి శివకుమారికి ఏం మేలు చేశాం అనిపించింది ఆమెకు.

"చెయ్యి తెగిందని నాకెందుకు చెప్పలేదు వదినా?" అంది శివకుమారి.

"చెప్పొద్దన్నాడు. ఆయన చెక్కింది చూస్తే నువ్వు నవ్వుతావంట."

"నవ్వేదాన్నే. శానా నవ్వేదాన్ని. నవ్వి, బండెక్కించుకుని ఆస్పత్రికి తోలుకపోయేదాన్ని."

యశోద అక్కడే గోడకు జారగిలబడి బావురుమంది. శివకుమారి ఆమె పక్కన కూచుని, అన్న చెక్కిన చెక్కలు ఇంట్లో ఇంకేమైనా ఉండాయా, అచ్చు తీద్దాం అని అడిగింది.