కొండదారిలో వెనక సీటు

మలేషియాలో తాపా ఊరు దాటి కేమరన్ కొండలెక్కే దారిలో ఒక మలుపుంది. పక్కన, టీ తోట వాళ్ళు ఎప్పుడో వదిలేసిన రేకుల ఇల్లు. చీకటిపడ్డాక ఒంటరిగా వెళ్ళే మోటార్ సైకిల్ అక్కడికి రాగానే ఉన్నట్టుండి బరువెక్కుతుందట. వెనక సీటు మీద ఎవరో కూర్చుంటారట... ఆగకూడదు, వెనక్కి చూడకూడదు, మూడుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోవాలి — ఏటా ఆ కొండల మీద జరిగే బైకుల మీట్‌కి సింగపూర్ నుంచి వెళ్ళే వాళ్ళందరికీ ఈ మాట తెలుసు.

రవీంద్రన్‌కీ తెలుసు. అయినా ఆగాడు.

ఇది ఆయనే నాకు చెప్పాడు. రెండువేల సంవత్సరం. కంప్యూటర్ల వైటూకే పని మీద కాకినాడ నుంచి సింగపూర్ వచ్చి, ఆ పని అయిపోయినా నేను అదే ఆఫీసులో ఉండిపోయాను. అక్కడ సర్వర్లు చూసుకునేది రవీంద్రన్. మలేషియాలో పుట్టిన తెలుగువాడు. తాతలు శ్రీకాకుళం నుంచి తోటపనికి ఓడెక్కి వెళ్ళినవాళ్ళు. యీషున్‌లో వాళ్ళ ఫ్లాట్ కింద, కాఫీ ముందు పెట్టుకుని, దాన్ని ముట్టకుండా చెప్పాడు.

అంతకు రెండేళ్ళ ముందు ఆయనా, భార్య శర్మిలా కలిసే మీట్‌కి వెళ్ళారు. రెండో రోజు సాయంత్రం పేజర్ మోగింది. సర్వర్ ఆగిపోయింది, వెంటనే రమ్మని.

"వానొచ్చేట్టుంది. పొద్దున్నే పోదాం" అంది శర్మిల.

ఆయన వినలేదు. దిగేటప్పుడు సరిగ్గా ఆ మలుపులోనే తడి రోడ్డు మీద చక్రం జారింది. ఐదో రోజున ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి శర్మిలని దహనం చేసేశారు. ఆమె ముఖం కూడా చూడలేదు. ఆ సర్వర్‌ని ఎవరో అరగంటలో బాగుచేశారట.

"నాకు ఏడుపు రాలేదు గోపీ. అందరూ ఏడ్చారు... నాకు రాలేదు."

రెండేళ్ళు బండి తీయలేదు. కానీ ఒకే ఆలోచన పట్టుకుంది — ఆ మలుపులో వెనక సీటు ఎక్కేది శర్మిలే అయితే? ఆ మాట శర్మిల పోకముందు నుంచే జనంలో ఉంది. అది ఆయనకి తెలియక కాదు. అయినా...

ఆ ఏడు మీట్‌కి మిగతావాళ్ళంతా తెల్లవారకుండానే గుంపుగా వెళ్ళిపోయారు. ఆయన కావాలనే మధ్యాహ్నం దాకా ఆగి, ఒక్కడే, సింగపూర్‌ని మలేషియాతో కలిపే కాజ్‌వే దాటాడు. తాపా చేరేసరికి చీకటి పడింది.

మలుపు వచ్చింది. ఇంజన్ ఆపాడు. లైటూ ఆర్పాడు. ఆకుల మీంచి నీటిబొట్లు రేకుల మీద పడుతున్న చప్పుడు... అంతే.

"శర్మీ... వచ్చాను."

పావుగంట గడిచింది. ఇంక లాభం లేదని బండి స్టార్ట్ చేశాడు.

వెనక భాగం మెల్లగా కుంగింది.

రెండు చేతులు నడుం చుట్టూ వచ్చాయి. మంచులా ఉన్నాయి.

"భయం వేయలేదా అన్నా?" అన్నాను.

"భయమా? సంతోషం రా... రెండేళ్ళలో మొదటిసారి."

వెనక్కి చూడలేదు. చూస్తే పోతుందేమోనని. నెమ్మదిగా పైకి పోనిస్తూ మాట్లాడడం మొదలుపెట్టాడు. నీ మాట వినాల్సింది అన్నాడు. నీ చీరలు ఎవరికీ ఇవ్వలేదు అన్నాడు. చివరిచూపు కూడా దక్కలేదు, ఒక్కసారి మాట్లాడు అన్నాడు. మలుపు తర్వాత మలుపు... ఆ చేతులు కదల్లేదు.

అప్పుడు చెవి వెనకాల, గాలి కన్నా మెల్లగా —

"నాను నీ ఆడదాన్ని కాదు, నాయనా."

ముసలి గొంతు. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ మాట్లాడిన తెలుగు.

బండి ఊగింది. ఎలాగో నిలబెట్టుకున్నాడు. "మరి... తను?"

"ఆ రేతిరే ఎల్లిపోనాది. నువ్వు బతికినావో నేదోనని నీ కాడే కూకుంది. ఎవరో వొచ్చి ఊపిరున్నాదన్నారు. అది ఇనీసి నెగిసినాది... ఎల్లిపోనాది."

"నాకోసం ఆగలేదా?"

"ఆగితే నా లాగుండిపోద్ది, నాయనా."

ఇంకో రెండు మలుపులు దాటాయి. తర్వాత ఆ గొంతే అంది — "తోట లారీ వత్తాది, ఆస్పత్రికి తీసుకెల్తాదని నన్నక్కడ కూకోబెట్టినారు. రానేదు. ఎన్ని బళ్ళెక్కినా బెదిరిపోయి నన్ను వొదిలించుకు పోయినోల్లే. దీపాలున్న కాడ దింపీ... సలేస్తంది."

రవీంద్రన్ ఇక్కడ ఆగి, తన చేతుల్ని చూసుకున్నాడు.

"అక్కడే దింపెయ్యాలనిపించింది గోపీ. శర్మిల కానందుకు ఆ ముసలమ్మ మీద కోపం వచ్చింది. నిజం చెప్తున్నా. కానీ వణుకుతోంది రా... నా వీపుకి తెలుస్తోంది."

దింపలేదు. పైదాకా తీసుకెళ్ళాడు.

పైన మైదానం నిండా గుడారాలు, మధ్యలో పెద్ద మంట. ఇంజన్ ఆపగానే నడుం మీద చేతులు వదులయ్యాయి. బండి తేలికైంది.

ఏటా ఈ గుంపుని నడిపించుకొచ్చే పెద్దాయన సూరయ్య, సింగపూర్‌లో బెడోక్ వైపు ఉంటాడు. రెండు కప్పుల్లో టీ పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఇదిగో, నీకొకటి. నీ వెనకాల వచ్చిన ముసలావిడకొకటి. ఏదీ ఆవిడ? ఇప్పుడే దిగి మంట వైపు నడిచింది కదా..."

రవీంద్రన్ తిరిగి చూశాడు. మంట చుట్టూ అందరూ బైకుల వాళ్ళే.

"మలుపు దగ్గర ఎక్కింది" అన్నాడు.

సూరయ్య మళ్ళీ మంట వైపు చూశాడు. ఇటు తిరిగేసరికి — రవీంద్రన్ బండి మీదే ముందుకి వాలిపోయి, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

సూరయ్య అది భయమనుకున్నాడు. కప్పులు నేల మీద పెట్టి, వీపు నిమురుతూ, చెవి దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు —

"ఊరుకో... వెళ్ళిపోయింది. ఇంక రాదు."