కిటికీ ఎవరు మూశారు?

"రాసుకో," అంది అత్తగారు, కాఫీ గ్లాసు తడుముకుంటూ బల్ల మీద పెట్టి. "రాజులు ఇంత పొడుగు పొడుగు మాటలు మాట్లాడుకుంటూ కూర్చుంటే యుద్ధం చేసే తీరికెక్కడిది? నూట ఇరవై పేజీలు కోసేస్తే మంచి నవల. సేనాపతి భార్య కోసం చదవచ్చు. ఆఖర్న సేనాపతి క్షేమంగా ఇంటికి రావడం మాత్రం నాకు నమ్మబుద్ధి కాలేదు. అన్ని బాణాలు తగిలినవాడు గుర్రం దిగి, కాళ్ళు కడుక్కుని, అన్నానికి కూర్చోవడమేమిటి, నా మొహం!"

కోడలి చేతిలో పెన్సిల్ ఆగింది. "'నా మొహం' అన్నది కూడా రాయనా అత్తయ్యా?"

"రాయి. నేనేమంటే అది రాయి. ఒక్క ముక్క అటూ ఇటూ కాకూడదు. కింద తేదీ మర్చిపోకు."

నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో జరుగుతున్న పని అది. పాత క్యాలెండర్ కాగితాలు చీటీలుగా కత్తిరించడం, చదివిన ప్రతి నవల మీదా ఉన్న మాట ఉన్నట్టు రాసి ఆ పుస్తకంలోనే పెట్టి వీధి మలుపులో ఉన్న లైబ్రరీకి తిరిగి పంపడం. అందుకే ఆవిడకి చీటీలమ్మ అని పేరొచ్చింది. సంగతి తెలియని కొత్తవాళ్ళు చీటీపాటలు నడుపుతుందేమోననుకుని, నెలకెంత కట్టాలండీ అని అడిగిన సందర్భాలూ ఉన్నాయి. లైబ్రరీకి వచ్చేవాళ్ళు మాత్రం పుస్తకం తెరిచి ముందు చీటీ వెతుక్కుంటారు.

చీటీలమ్మకి మొహమాటం లేదు. ఒక ప్రేమ నవల మీద, "ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే ఇరవై పేజీల్లో అయిపోయేది, మన ప్రాణం తీశారు" అని రాసింది. అంతరిక్షం నవల మీద, "వేరే గ్రహానికి వెళ్ళినా అంట్లు ఆడదే తోముతోంది. ఆ భాగ్యానికి అంత దూరం ఎందుకు?" అంది. నచ్చితే మాత్రం చిన్నపిల్లలా పొంగిపోయేది. నా మాట నమ్మి చదవండి అని ఆఖర్న రాసిందంటే ఆ పుస్తకం నెల రోజుల దాకా ఎవరికీ దొరికేది కాదు.

కిందటేడు కంటికి ఆపరేషన్ అయింది. మనుషులు నీడల్లా కనిపిస్తారు గానీ అక్షరాలు ఆనడం లేదు. అప్పట్నుంచి కొడుకు బస్సు డ్యూటీకి వెళ్ళగానే కోడలు రెండు గంటలు నవల చదివి వినిపిస్తుంది, అత్తగారు చెప్పిన అభిప్రాయం రాస్తుంది. కళ్ళు పోయాయన్న దిగులు కూడా ఆ రెండు గంటలూ ఉండదు ఆవిడకి.

"ఈమధ్య రచయితలందరికీ ఏమైందే?" అంది చీటీలమ్మ ఉన్నట్టుండి. "ఏడాదిగా ఒక్కడంటే ఒక్కడు చావలేదు. దయ్యాల నవలలో దయ్యం కూడా పిల్లి అని తేలింది!"

"కాలం మారింది కదత్తయ్యా," అంటూ కోడలు గ్లాసులు తీసుకుని గబగబా లేచింది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు దబదబా మోగింది.

వచ్చింది రెండు వీధుల అవతల కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ. మెడలో టేపు తీయకుండానే పరిగెత్తుకొచ్చింది. చేతిలో పుస్తకాన్ని బల్ల మీద దబ్బున పడేసింది.

"పెద్దమ్మగారూ, ఇందులో చీటీ మీదేనా?"

"నా చీటీ కాకపోతే ఇంకెవరిది? చదువు చూద్దాం."

టైలరమ్మ చదివింది. "కిడ్నీ జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న పంతులమ్మ కథ. భయపడకుండా చదవండి, ఆవిడ కోలుకుంటుంది. మంచాన పడ్డవాళ్ళకి ధైర్యమిచ్చే పుస్తకం. ఆఖరి పేజీలో ఆవిడ మంచం దిగి, తెరిచి ఉన్న కిటికీ తనే వెళ్ళి మూసుకునే చోట రచయిత చేతికి దణ్ణం పెట్టాలనిపించింది. నా మాట నమ్మి చదవండి."

"నేనన్న మాటలే. ఎంత బాగుందీ, ఆ కిటికీ దగ్గర!"

"అయితే ఆఖరి పేజీ కూడా వినండి." పేజీలు తిప్పిన చప్పుడు. "నర్సు వచ్చి దుప్పటిని పంతులమ్మ మొహం మీదికి లాగింది. తర్వాత వెళ్ళి కిటికీ మూసింది. ఆ గదిలో ఇక ఎవరికీ చలి వేయదు."

చీటీలమ్మకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఇది వేరే పుస్తకమేమో అనుకుంది. టైలరమ్మ తప్పు చదివిందేమో అనుకుంది. అంతలో వంటగదిలో గ్లాసు కిందపడి భళ్ళున పగిలింది.

"మా చెల్లెలికి ఆపరేషనై పది రోజులైంది," టైలరమ్మ ఏడుపు దిగమింగుకుంటూ అంది. "అదే జబ్బు. మీ చీటీ చూసే ఈ పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చాను. నిన్న చదవడం అయిపోయింది. 'నా కోసం చీటీ కూడా అబద్ధం రాయించావా అక్కా? అయితే డాక్టరు చెప్పేదీ అబద్ధమే. నేను పోతున్నాననే కదా అందరూ దాస్తున్నారు' అంటూ గోడవైపు తిరిగి పడుకుంది. నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదు, మాత్రలు ఉమ్మేస్తోంది. ఇలాగే ఉంటే తమ చేతుల్లో ఏమీ లేదని డాక్టరు అనేశాడు. లైబ్రరీలో అడిగితే, చూపు తగ్గి పెద్దావిడ పొరబడుతోందని తెలిసినవాళ్ళు కూడా మీతో అనలేక ఊరుకున్నారట. మీకు నేనేం అపకారం చేశానండీ?"

నలభై ఏళ్ళలో చీటీలమ్మ చీటీని ఎవరైనా తిట్టి ఉండవచ్చు గానీ, అబద్ధమన్నవాళ్ళు లేరు. ఆవిడ చెయ్యి చాచి పుస్తకం అందుకుని ఆఖరి పేజీని వేళ్ళతో తడిమింది. నున్నటి కాగితం తప్ప ఏమీ తెలియలేదు.

"అమ్మాయీ!" అని కేకేసింది. "ఇలా రా."

కోడలు వచ్చి గుమ్మం దగ్గరే కొయ్యబారి నిలబడింది.

"టైలరమ్మ చదివింది నిజమా?"

"నిజమే అత్తయ్యా."

"మరి నువ్వు చదివింది?"

కోడలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చీటీలమ్మకి అంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అంటే... సేనాపతి?"

"పోయాడత్తయ్యా. యుద్ధంలోనే."

"ఆ డిటెక్టివ్ నవల్లో తప్పిపోయిన పసిపిల్ల?"

"దొరకలేదు."

"దయ్యం?"

"నిజం దయ్యమే."

"ఓరి నాయనో! పాపం ఆ రచయితని నానా మాటలూ అన్నానే! పాఠకుల్ని వెర్రివాళ్ళని చేశాడని రాయించానే! ఇంకెన్ని?"

"మొత్తం పదకొండు."

"పదకొండా?" అంటూ చీటీలమ్మ లేవబోయి మళ్ళీ కూలబడింది. "ఎందుకే? నేను నీకేం చేశాను?"

కోడలు ఇక ఆపుకోలేకపోయింది. "ఆపరేషన్ రోజు కంటి డాక్టరు ఏమన్నాడో గుర్తుందా అత్తయ్యా? మూడు నెలలు ఆవిడ కంట నీరు రాకూడదు, ఏడవనివ్వకండి, ఏడిస్తే ఉన్న చూపు కూడా పోతుంది అన్నాడు. ఇంటికొచ్చిన నాలుగో రోజు మీరు నవల చదవమన్నారు. చదువుతుంటే కింది లైన్లో చావు వస్తోందని ముందే కనిపించింది. తలెత్తి చూస్తే మీ కంటికి కట్టు. నోటికొచ్చింది చెప్పేసి బతికించేశాను."

"మరి మూడు నెలలయ్యాక?"

"అప్పటికే నాలుగు చీటీలు లైబ్రరీకి వెళ్ళిపోయాయి. చెబితే ఇక నాచేత చదివించుకోరని భయం వేసింది. పెళ్ళయి ఆరేళ్ళు, ఉప్పు సరిపోయింది, స్టవ్ ఆపేయి, ఇవి తప్ప మీరు నాతో ఏం మాట్లాడారత్తయ్యా? ఆ రెండు గంటల్లోనే కదా మనం నవ్వుకున్నది! అయినా చీటీలు ఎవరు చదువుతారులే అనుకున్నాను. మీరు చెప్పిన మాట ఒక్కటీ మార్చలేదు, ఒట్టు."

"నా మాట మార్చలేదు. రాసినవాడి మాట మార్చావు!" చీటీలమ్మ గొంతు ఇల్లంతా వినిపించింది. "మొగుడు పోయినప్పుడు ఈ రెండు చేతులతో నిలదొక్కుకున్నాను. చూపు పోయినప్పుడు నిలదొక్కుకున్నాను. కాగితం మీద ఒక పంతులమ్మ పోతే తట్టుకోలేనని నువ్వు తేల్చావా? ఇకమీదట నువ్వు వర్షం పడుతోందంటే చెయ్యి బయటపెట్టి చూసుకోవాలా నేను?"

కోడలి వెక్కిళ్ళు వినిపిస్తున్నాయి. చీటీలమ్మకి కోపం చల్లారలేదు. కానీ ఆ కోపంలోనే ఒక ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది.

"ఆవిడ మంచం దిగి తనే కిటికీ మూసుకోవడం... ఆ ముక్క ఎవరిది?"

"నాదే అత్తయ్యా."

చీటీలమ్మ పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. ఆ తర్వాత, "నా చెప్పులెక్కడ?" అంది. "ఆసుపత్రికి పోదాం పద. పెన్సిలూ చీటీలూ తెచ్చుకో. చేసిన తప్పు నీ నోటితోనే చెప్పాలి."

వార్డులో మందుల వాసన. వరసలో ఆఖరి మంచం మీద టైలరమ్మ చెల్లెలు గోడవైపు తిరిగి ఉంది. తల దగ్గర స్టీలు టిఫిన్ బాక్సు మూత తీయకుండా అలాగే ఉంది.

"మళ్ళీ ఎవర్ని తీసుకొచ్చావక్కా? ఇంకో అబద్ధం చెప్పించడానికా?"

"అబద్ధం చెప్పింది నేనేనండీ," అంది కోడలు ముందుకొచ్చి. మొదట్నుంచి అన్నీ చెప్పింది. కట్టు కట్టిన కన్ను, డాక్టరు మాట, పదకొండు ముగింపులు, ఏదీ దాచలేదు. చీటీలమ్మ పుస్తకంలోంచి చీటీ తీసి ముందుకు చాచింది.

"కింద తేదీ చూడమ్మా. ఏముంది?"

మంచం మీది అమ్మాయి మెల్లగా ఇటు తిరిగి చీటీ అందుకుంది. వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "ఎనిమిది నెలల కిందటిది."

"నీకు జబ్బని ఎప్పుడు తెలిసింది?"

"మూడు నెలల కిందట."

"నీకు జబ్బని తెలియనప్పుడు నీ కోసం అబద్ధం ఎలా రాయిస్తుందే మీ అక్క? ఈ అబద్ధం నీది కాదు, నాది. నా కన్ను తడవకూడదని నా ఇంట్లో పుట్టింది. దాన్ని తీసుకొచ్చి డాక్టరు రిపోర్టుకి అంటగట్టకు. ఆయన నిన్ను బాగవుతున్నావన్నాడంటే బాగవుతున్నావు."

ఆ అమ్మాయి చీటీని మళ్ళీ మళ్ళీ చూసుకుంది. తర్వాత కోడలి వైపు చూసి, "దయ్యాన్ని నిజంగానే పిల్లిని చేశారా?" అంది. కోడలు ఏడుస్తూనే తలూపింది. ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. కుట్లు లాగడంతో అమ్మా అని కడుపు పట్టుకుని మరీ నవ్వింది. టైలరమ్మ అక్కడే నేల మీద కూర్చుని బావురుమంది.

"ఇప్పుడు నాకు చదువు," అంది చీటీలమ్మ కోడలితో. "ఆఖరి నాలుగు పేజీలు. ఉన్నది ఉన్నట్టు."

కోడలు చదివింది. ఒకచోట ఆగి, మళ్ళీ అదే లైను అందుకుంది. దుప్పటి మొహం మీదికి వచ్చింది. నర్సు కిటికీ మూసింది. చీటీలమ్మ రెండు బుగ్గల మీదుగా కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. కోడలు ఉలిక్కిపడి, పుస్తకం వదిలేసి, ఎడమ చేత్తో కొంగు అందుకుని ఆవిడ కన్ను అద్దబోయింది.

"ఉండనీవే," అంటూ చీటీలమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఏడాదైంది నేను ఒక పుస్తకానికి ఏడ్చి. కాసేపు ఏడవనీ." పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

పక్కన టిఫిన్ బాక్సు మూత తీసిన చప్పుడైంది. "చల్లారిపోయినట్టుందక్కా. పర్లేదు, ఇటివ్వు. ఆ మాత్రలు కూడా."

చీటీలమ్మ ముక్కు తుడుచుకుని గొంతు సవరించుకుంది. "రాసుకో. ఆఖర్న పంతులమ్మ చనిపోతుంది. ముందే చెబుతున్నాను. ఇంతకుముందు ఈ పుస్తకంలో పెట్టిన చీటీ తప్పు. మంచాన పడ్డవాళ్ళు కోలుకున్నాక చదవండి. ఏడుపొస్తే ఆపుకోకండి. తేదీ వెయ్యి." ఒక్క క్షణం ఆగి, "ఏం రాశావో ఆ అమ్మాయికివ్వు. పైకి చదువుతుంది," అంది.

కోడలు తల వంచుకుని చీటీ అందించింది. చెల్లెలు నోట్లో ముద్ద మింగి గట్టిగా చదివింది. అన్నీ చీటీలమ్మ మాటలే, ఒక్కటీ తప్పిపోలేదు. తేదీ కూడా చదివాక ఆగలేదు. "పంతులమ్మ లేచి కిటికీ తనే మూసుకున్నట్టు చదివి వినిపించింది చీటీలమ్మ కోడలు. చీటీలమ్మ ఎప్పుడూ అబద్ధం రాయలేదు."

చీటీలమ్మ అదిరిపడింది. "ఆ ఆఖరి రెండు ముక్కలూ నేను చెప్పలేదే!"

"లేదత్తయ్యా. నేనే రాశాను."

చీటీలమ్మ చేతిలో కోడలి చెయ్యి ఇంకా అలాగే ఉంది. దాన్ని తన బుగ్గకి ఆనించుకుంది. అది పూర్తిగా తడిసిపోయింది.

"అయితే కింద నీ సంతకం కూడా పెట్టు," అంది.