నా చేతి బోణీ

మా వాడలో నా చెయ్యి మంచిదని పేరు. ఎవరు కొత్త నాగలి కట్టినా, బర్రెను కొన్నా, ముందు "ముత్తన్నా" అని నన్ను పిలిచి చెయ్యి పెట్టించేవాళ్లు. ఆ చెయ్యి నాకు మాత్రం ఏమీ చేసి పెట్టలేదు. చేసి ఉంటే బహ్రెయిన్ దాకా వచ్చి, ఒక ముసలి అమెరికావాడి తోటకు నీళ్లు పోసేవాణ్ణి కాదు.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగో సంవత్సరం. కర్జకాన్ ఊరి బయట, ఖర్జూరపు చెట్ల నడుమ ఆయన ఇల్లు. పేరు మార్టెల్లి సాబ్. ఎనభైకి దగ్గర పడ్డా నడుము వంగలేదు. గోడకు వీపు ఆనించి తప్ప ఎక్కడా కూర్చునేవాడు కాదు. రోజూ పొద్దున కారు తాళం నా చేతికిచ్చి, తాను గోడ చాటుకు పోయి నిలబడేవాడు. నేను తాళం తిప్పి, ఇంజను మోగాక దిగిపోతే, అప్పుడొచ్చి ఎక్కి తానే తోలుకుపోయేవాడు.

నాకు కారు నడపడం రాదు. అయినా నన్నే ఎందుకు పిలుస్తాడు? చెయ్యి మంచిది కాబట్టి! అమెరికాలో కూడా బోణీ చూస్తారన్నమాట. శుక్రవారం సెలవున మామీర్ కూలీల క్యాంపుకు పోయి, మావాళ్ల ముందు ఈ ముచ్చట చెప్పి మీసం తిప్పేవాణ్ణి.

"అంత మంచి చెయ్యైతే జర మా అరబ్బు సేటు, ఆ కఫీల్ నెత్తి మీద పెట్టరాదు?" అనేవాడు బాలన్న. ఓర్వలేక అంటున్నాడనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నమే దుమ్ముగాలి లేచింది. ఆకాశం పసుపై, ఎరుపై, చివరికి ఇటుక బట్టీ లోపలిలా అయింది. ఖర్జూరపు మట్టలు ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. పళ్ల సందుల్లో ఇసుక. పట్టపగలే లైట్లు వేశాం. అప్పుడు ఫోను మోగింది. సాబ్ విన్నాడు. పెట్టేసి, సూట్‌కేసు తెమ్మన్నాడు.

వంటమనిషి తోమా నన్ను వంటింట్లోకి లాగాడు. గోదావరి వైపు వాడు. ఇంగ్లీషు వచ్చు. సాబ్ తాగినప్పుడు చెప్పేవన్నీ వినేది అతనే.

"ముత్తన్నా, ఇయ్యాళ కారు ముట్టుకోకు," అన్నాడు గుసగుసగా.

"ఎందుకన్నా?"

"ఆయనెవరనుకున్నావ్? కుర్రప్పుడు దొంగసారా లారీలు తోలాడంట. తర్వాత రేవంతా ఆయన గుప్పిట్లోనే. ఓడ దిగే ప్రతి మూటకీ వాటా. ఆనక జూదం ఇళ్లు. అడ్డమొచ్చినోళ్లని ఏం చేశాడో నన్నడక్కు. ఆఖరికి సొంత ముఠావోళ్లే కారుకి బాంబు కట్టారు. తాళం తిప్పింది డ్రైవరు. ఆ సీట్లోనే కాలిపోయాడు. ఈయన గుమ్మంలో కోటు బొత్తాలు పెట్టుకుంటా చూశాడు. అప్పట్నుంచీ తాళం తిప్పడానికి ఎవడో ఒకణ్ణి పెట్టుకుంటాడు."

"నా చెయ్యి మంచిదని గదా..."

"చెయ్యి కాదయ్యా, పోయేది నీ ప్రాణం! ఆయనెక్కడున్నాడో వాళ్లకి తెలిసిపోయింది. ఇప్పుడొచ్చిన ఫోను అదే."

నా మీసం దానంతట అదే దిగిపోయింది.

"యల్లా!" త్వరగా రమ్మని బయటి నుంచి సాబ్ కేక.

వెళ్లాను. వెళ్లక? ఆయన ఒక చేతిలో తాళం, రెండో చేతిలో పిస్తోలు.

కారులో కూర్చున్నాను. తలుపు పడగానే గాలి చప్పుడు ఆగిపోయింది. పూర్తిగా. వెంట్రుకలు కాలిన వాసన. తాళం పెట్టాను...

నా మణికట్టు మీద ఎవరో చెయ్యి వేశారు.

పక్క సీటు ఖాళీ. అయినా వేళ్లు తెలుస్తున్నాయి... వేడిగా... తోలు ఊడి జారుతున్నట్టు. చెవి పక్కన ఊపిరి. ఆ చెయ్యి నన్ను తాళం తిప్పనివ్వలేదు. మెల్లగా నా చేతిని ఎత్తి, నా ఒళ్లోనే పెట్టింది.

ఎట్లా దిగానో తెలియదు. సాబ్ కాళ్ల మీద పడ్డాను. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ ఎగిరిపోయాయి. "ఆద్మీ... ఆద్మీ..." అని కారులోకి చూపించాను. ఆయన పిస్తోలు ఎత్తాడు. అంతలో ఆ దుమ్ములో ఎక్కడో ఇంకో కారు చప్పుడు... దగ్గరికి వస్తోంది. ఇక ఆగే తీరిక లేదు. నన్ను తన్ని, తానే ఎక్కాడు.

చెవులు మూసుకున్నాను.

ఏమీ పేలలేదు. ఇంజను మెత్తగా మోగింది.

కారు మా ముందు నుంచే గేటు దాటింది. నేను చూశాను. తోమా చూశాడు. ముందు సీటులో ఎక్కిన సాబ్... వెనక సీటులో ఉన్నాడు. రెండు చేతులా అద్దం బాదుతున్నాడు. నోరు తెరిచే ఉంది. అరుపు లేదు. తోలేది ఎవరో కనబడలేదు... ఆ వైపు అద్దమంతా లోపలి నుంచి మసి.

"ప్రభువా..." అని తోమా అక్కడే కూలబడ్డాడు.

ఆ రెండో కారు చప్పుడు మళ్లీ వినిపించలేదు. గాలి తగ్గాక పోలీసులొచ్చారు. సముద్రం వెనక్కి తీసిన బురదలో ఒక కారు దొరికిందని, గుర్తు పట్టడానికి నన్ను తీసుకుపోయారు. బురద మీద చక్రాల జాడ లేదు. తలుపులన్నిటికీ లోపలి నుంచి గడియ. అద్దాలు కడిగినట్టు ఉన్నాయి. లోపల మనిషి లేడు.

"ఇదేనా?" అన్నాడు పోలీసు.

అద్దానికి ముఖం ఆనించి చూశాను. తోలేవాడి సీటు స్టీరింగుకు బాగా దగ్గరగా జరిపి ఉంది. సాబ్ ఆరడుగుల మనిషి. అంత దగ్గరికి జరిపితే తప్ప కాలు అందని పొట్టివాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే. నేను సీటు కొసన కూర్చుని తాళం తిప్పేవాణ్ణే గాని, ఏనాడూ దాన్ని జరపలేదు.

అవునని చెబుదామని నోరు తెరిచాను.

టక్...

నా ముందున్న, తోలేవాడి వైపు తలుపు గడియ ఒక్కటే పైకి లేచింది.