రాగి సుత్తి మూడు దెబ్బలు

సిబిల్ స్టాన్‌వే ఆ ఆదివారం పొద్దున భర్త సంచీ సర్దింది. ఆ కారులో పెట్టె పట్టదు. సీట్ల వెనక ఉన్న జానెడు చోటులో మెత్తటి తోలుసంచీ ఒక్కటే ఇరుకుతుంది. రెండు చొక్కాలు, ఉన్ని బనీను, గడ్డం గీసుకునే సామాను, కాగితంలో చుట్టిన పోర్క్ పేస్ట్రీ ముక్క పెట్టింది. మంగళవారం రాత్రికల్లా ఇంట్లో ఉంటానన్నాడు కనక మూడో చొక్కా మళ్ళీ బయటికి తీసేసింది.

బయట ఆబ్రీ స్టాన్‌వే తన ఎర్రకారు చుట్టూ తిరుగుతున్నాడు. 1936 నాటి రెండు సీట్ల బండి అది. పదమూడేళ్ళ కిందట ఒక కోళ్ళపాకలో తుప్పు పట్టి దొరికితే తెచ్చి, ముక్క తర్వాత ముక్క బాగుచేయించి, తనకు నచ్చిన మార్పులన్నీ చేయించుకున్నాడు. ఊచల చక్రాల మధ్య ఉండే రెండు చెవుల నట్ల మీద ఎటు తిప్పితే ఊడుతుందో చూపే బాణం గుర్తు ఉంటుంది. అది అందానికి అడ్డమని కిందటేడు నాలుగు నట్లనూ నున్నగా అరగదీయించి మెరుగు పూత వేయించాడు. అతనున్న పాత కార్ల క్లబ్బులో నవ్వని వాళ్ళు లేరు.

బయల్దేరే ముందు ఆ క్లబ్బులో ప్రతివాళ్ళూ చేసే పనే అతనూ చేశాడు. రాగి సుత్తి పట్టుకుని ఒక్కొక్క చక్రం దగ్గర వంగి, నట్టు పైచెవిని కారు తోకవైపుకి మూడేసి దెబ్బలు కొట్టాడు. తోకవైపుకి కొడితే బిగుస్తుంది. ముక్కువైపుకి కొడితే వదులవుతుంది. రెండు పక్కలా ఒకటే లెక్క రావాలని ఒక పక్క, చక్రం తొడిగే హబ్బుల మీద కుడిమర, రెండో పక్క హబ్బుల మీద ఎడమమర కోసి ఉంటారు. ఆ దెబ్బలు వాళ్ళ చేతులకు బొత్తాం పెట్టుకున్నంత అలవాటు.

"ముందు చక్రాలు రెండూ కదిలాయి సిబిల్!" అని అరిచాడు ఆబ్రీ. "ఆ నెడ్ పార్ఫిట్ గాడు బిగించకుండానే పంపించాడు. తిరిగొచ్చాక వాడి తోలు తీస్తాను చూడు."

వేల్స్ దారిలో ఇరవైరెండు మైళ్ళు వెళ్ళాక, దిగుడు మలుపులో, కారు ఎడమ ముందు చక్రం ఊడిపోయింది. బండి గోడ దూకి పాత రాళ్ళ గనిలో పడింది. ఆ దారినపోయే పాలవాడు గనిలోకి దిగి చూసేసరికి ప్రాణం లేదు.

పదిహేను రోజులు గడిచాక, వూస్టర్ పట్నంలో గొడుగుల దుకాణం మేడమీద ఉన్న లయనెల్ టారెంట్ గదికి ఒకామె వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే మాట్లాడటం మొదలుపెట్టింది.

"నా పేరు హిల్డా పార్ఫిట్ అండి. యాష్‌కోంబ్‌లో కార్ల షెడ్డు నడిపే నెడ్ భార్యని. వచ్చే సోమవారం మా ఆయన్ని కోర్టులో నిలబెడతారు. చక్రం బిగించకుండా మనిషిని చంపాడంట! ఊళ్ళో మా కిటికీలు పగలగొట్టారు. క్లబ్బువాళ్ళు ఒక్కరు మిగలకుండా కార్లు తీసుకుపోయారు. ముప్ఫై ఏళ్ళండీ, ముప్ఫై ఏళ్ళు వాళ్ళ తుక్కుకి ప్రాణం పోశాడు."

"మీ ఆయన బిగించానంటున్నాడా?"

"బిగించానంటున్నాడు. నేను నమ్ముతున్నాను. ఇంట్లో పంపు కారితే పట్టించుకోడు, కారు పనిలో మాత్రం వెంట్రుకవాసి తేడా ఒప్పుకోడు. ఆయన్ని జైల్లో పెడితే అక్కడ బతకడు. ఎవరో కావాలని చేశారు. వాళ్ళెవరో నాకు కావాలి. వాళ్ళు అనుభవించడం నా కళ్ళతో చూడాలి."

టారెంట్‌కు అరవై ఏళ్ళు. ఇరవైఏడేళ్ళు బీమా కంపెనీ తరఫున నుజ్జయిన కార్లు పరీక్షించి, ఆ తర్వాత సొంతంగా అపరాధ పరిశోధన పెట్టుకున్నాడు. చిత్రమేమిటంటే అతనికి కారు నడపడం రాదు. ఎక్కడికి వెళ్ళాలన్నా సహాయకురాలు బెరిల్ టాంక్స్ తన వ్యానులో తీసుకెళ్ళాలి. ఆమెకు అతనంటే గురి. అయితే ఆ మాట ఎప్పుడూ పైకి అనదు.

"చూద్దాం హిల్డా గారూ," అన్నాడు టారెంట్. "నాకు దొరికినదేదో అది చెబుతాను. మీకు నచ్చేది దొరుకుతుందని మాత్రం మాటివ్వను."

మర్నాడు ఇద్దరూ యాష్‌కోంబ్ వెళ్ళారు. పోలీసులు చూడటం అయిపోయాక కారు శిథిలాన్ని క్లబ్బు షెడ్డులో పడేశారు. క్లబ్బు అధ్యక్షుడు మేజర్ డెనిస్ ఫ్రేన్ గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"మీకు కారు నడపడం రాదటగా! మరి ఇక్కడేం చూస్తారు?"

"వంట రానివాడికి కూడా ఉప్పెక్కువైతే తెలుస్తుంది మేజర్ గారూ."

మేజర్ మూతి ముడిచాడు. అంతలో ఒక ముసలామె టీ బండి తోసుకుంటూ వచ్చింది. నెరిసిన జుట్టు, శుభ్రమైన ఏప్రన్. "పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేరు నాయనా, బన్ను తీసుకో. వెన్న దండిగా రాశాను," అంది.

"మా కార్యదర్శి, మిసెస్ ఎనిడ్ కాయిల్," అన్నాడు మేజర్, కాస్త మెత్తబడి. "ఈ బండి కూడా ఆవిడ స్వయంగా చేసుకున్నదే. యుద్ధంలో నాలుగేళ్ళు విమానాల ఫ్యాక్టరీలో చేసిన చెయ్యి! ఇప్పుడు మా బన్నులకు వెన్న రాస్తోంది."

"బాంబర్ విమానాలు ఇంత ఫిర్యాదు చేసేవి కావు మేజర్," అంది ఆమె. అందరూ నవ్వారు.

టారెంట్ చేతిలోని చెంచా జారిపడింది. దానికోసం వంగినప్పుడు టీ బండి చక్రం ఊడిపోకుండా ఇరుసులో పెట్టిన స్ప్లిట్ పిన్ను అతని కళ్ళకు ఎదురుగా కనిపించింది. దాని రెండు కాళ్ళలో ఒకటి ఇరుసు కొన మీదుగా పైకి వంచి ఉంది. రెండోది పొట్టిగా కత్తిరించి కిందికి అణిచి ఉంది. ఎక్కడా గుడ్డ తగులుకోదు. చక్కని పని అనుకుని లేచాడు.

కారు దగ్గర ఊడిన ఎడమ హబ్బును బెరిల్ తడిమి చూసింది. "మరలు చెక్కుచెదరలేదు సార్. నట్టు విరగలేదు, మర తెగలేదు. తిరిగి తిరిగి ఊడిపోయింది. పోలీసులు రాసింది నిజమే."

"కుడి ముందు చక్రం ఇంకా ఉందిగా. దాన్నెవరైనా చూశారా?"

"ఊడని చక్రాన్ని ఎవరు చూస్తారు సార్?"

"అయితే నువ్వు చూడు. ఒకసారి బిగించు."

బెరిల్ రాగి సుత్తితో పైచెవిని తోకవైపుకి మూడు దెబ్బలు కొట్టింది. నట్టును చేత్తో పట్టుకుంది. ఒక్కసారిగా టారెంట్ వైపు తిరిగింది. ఏదో చెప్పబోతే టారెంట్ కళ్ళతో వారించి, "హబ్బు లోపల పిన్ను ఎలా వంచి ఉందో గీసి చూపించు," అని మాత్రం అన్నాడు. ఆమె గీసిన బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అక్కణ్ణుంచి సిబిల్ ఇంటికి వెళ్ళారు.

"నెడ్ కారు ఎప్పుడు తెచ్చిచ్చాడమ్మా?"

"శుక్రవారం సాయంత్రం. ఆదివారం పొద్దునదాకా మా షెడ్డులోనే ఉంది."

"శనివారం ఇంటికి ఎవరైనా వచ్చారా?"

"క్లబ్బు టీ మా ఇంట్లోనేనండీ. అంతకుముందు అందరం కొండదారి పందెం చూడ్డానికి వెళ్ళాం. మూడు గంటలు. ఎనిడ్ ఒక్కతే ఉండిపోయింది, బల్లలు సర్దడానికి. పాపం, ఆమె పందేలు చూడదు. తొమ్మిదేళ్ళ కిందట ఒక్కగానొక్క కొడుకు హ్యూ కారు ప్రమాదంలోనే పోయాడు. ఆ కారు కొని వారం తిరగలేదు."

"ఎవరి దగ్గర కొన్నాడు?"

సిబిల్ కిటికీ తెర సరిచేసింది. "ఆబ్రీ దగ్గరే. కుర్రాడి వేగమే కారణమని విచారణలో తేల్చారు."

చివరికి నెడ్ షెడ్డుకు వెళ్ళారు. పగిలిన కిటికీకి అట్ట కొట్టి ఉంది. నెడ్ పార్ఫిట్ ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు.

"ముందు హబ్బులు విప్పావా నెడ్?"

"లేదండి. కిందటి శీతాకాలంలో గ్రీజు పెట్టి బిగించాక మళ్ళీ ముట్టుకోలేదు. ఈసారి బ్రేకులు, నూనె, కార్బురేటర్లు. అంతే. ఆఖర్న నాలుగు చక్రాలూ బిగించాను. ఒట్టు."

టారెంట్ బల్లమీద ఉన్న ఒక ఇరుసు ముక్కను, ఒక పిన్నును ముందుకు తోశాడు. "ఇది పెట్టి చూపించు."

నెడ్ ఆలోచించకుండానే పిన్ను దూర్చి, రెండు కాళ్ళూ విడదీసి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, నట్టు చుట్టూ వంచాడు. రెంటిలో దేన్నీ కత్తిరించలేదు.

"ఎప్పుడూ ఇలాగేనా?"

"మా నాన్న నేర్పినట్టేనండి."

శుక్రవారం మధ్యాహ్నం క్లబ్బు షెడ్డులో అందరూ పోగయ్యారు. మేజర్, సిబిల్, టీ బండితో ఎనిడ్ కాయిల్, గోడకు ఆనుకుని నెడ్, అతని చెయ్యి పట్టుకుని హిల్డా. గుమ్మంలో సార్జెంటు పీక్ నిలబడ్డాడు.

"ఈ మనిషి మన మధ్య ఎందుకు?" అన్నాడు మేజర్, నెడ్‌ను చూపించి.

"కొట్టడానికి మీరున్నారు, పడటానికి ఆయన ఉండాలిగా," అంది హిల్డా. "నా కిటికీల సంగతి ఇంకా తేలలేదు మేజర్ గారూ. ఎవరు విసిరారో నాకు తెలుసు."

టారెంట్ రాగి సుత్తిని మేజర్ చేతికిచ్చాడు. "కుడి ముందు చక్రం బిగించండి."

మేజర్ విసుక్కుంటూ వంగాడు. తోకవైపుకి మూడు దెబ్బలు. అతను చక్రం వైపు చూడనైనా లేదు.

"ఇప్పుడు నట్టు పట్టుకోండి."

మేజర్ పట్టుకున్నాడు. నట్టు వేళ్ళతోనే తిరిగి, అరచేతిలోకి ఊడి వచ్చింది.

"మీరు బిగించలేదు మేజర్ గారూ, విప్పారు. ముందు హబ్బులు రెండూ పక్కలు మారాయి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. వాటితోపాటే నట్లూ. ఇప్పుడు తోకవైపుకి కొట్టిన ప్రతి దెబ్బా వదులు చేస్తుంది. నట్లమీద బాణం ఉంటే తేడా కనిపించేది. దాన్ని ఆబ్రీయే చెరిపేయించుకున్నాడు. 'ముందు చక్రాలు కదిలాయి' అని ఆయన అరిచిన మాటను మీరంతా నెడ్ నేరానికి సాక్ష్యమన్నారు. అవి కదిలాయంటే అప్పటిదాకా బిగుతుగా ఉన్నాయన్నమాట. తన రాగి సుత్తితో తనే వదులు చేసుకుని వెళ్ళాడు."

సిబిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ దెబ్బలు ఆయన తప్పకుండా కొడతాడని చంపినవాళ్ళకు తెలుసు. హబ్బులు మార్చాలంటే లోపలి పిన్ను తీసి కొత్తది పెట్టాలి. నెడ్ రెండు కాళ్ళూ పక్కలకు వంచుతాడు. ఈ కారులో ఉన్న పిన్ను ఒక కాలు పైకి వంచి, రెండోది కత్తిరించి ఉంది. అది కార్ల షెడ్డు పద్ధతి కాదు, విమానాల ఫ్యాక్టరీ పద్ధతి. అలాంటి పిన్ను ఈ గదిలో ఇంకొకటుంది." టారెంట్ గొంతు తగ్గించాడు. "మీ టీ బండికి, మిసెస్ కాయిల్. ఆ శనివారం మీకు మూడు గంటల టైముంది."

"ఒక్క పిన్ను చూసి..." అని మేజర్ లేవబోయాడు.

"కూర్చో డెనిస్," అంది ఎనిడ్ కాయిల్. ఏప్రన్ విప్పి మడతపెట్టింది. "గంటన్నర చాలింది. పాత్రలు కడగడానికి కూడా టైము మిగిలింది."

"ఎనిడ్, నువ్వా?" అంది సిబిల్.

"నీ మొగుడు నా కొడుక్కి పగిలిన స్టీరింగు కడ్డీ ఉన్న కారు అమ్మాడు. పైన నల్లరంగు కొట్టి మరీ అమ్మాడు. నా హ్యూ అంత్యక్రియలకి వచ్చి నా భుజం మీద చెయ్యేసి, 'కుర్రాళ్ళు వేగం ఆపుకోలేరు ఎనిడ్' అన్నాడు. ఆ చేతిని తొమ్మిదేళ్ళు మోశాను. నీ మొగుడి కప్పులు కడిగాను. బాణాలు చెరిపించుకొచ్చి బల్లమీద పెట్టి చూపించిన రోజు నాకు దారి దొరికింది."

"మరి నా మొగుడేం చేశాడు?" అని అరిచింది హిల్డా. "పక్కింటి ముసలిదానివని క్రిస్మస్‌కి కేకు పంపానే నీకు! ఆయన జైలుకి పోతుంటే బన్నులకి వెన్న రాస్తూ కూర్చున్నావా?"

"సోమవారం శిక్ష పడేదాకా ఆగుదామనుకున్నాను. ఆ తర్వాత నేనే చెప్పేదాన్నో లేదో నాకే తెలీదు." ఆమె నెడ్ వైపు తిరిగింది. "విరిగిన కడ్డీ నా దగ్గరే ఉంది నెడ్. రంగు గీకేశాను. కింద అతుకు ఉంది. ఈ జిల్లాలో ఆ చేతి అతుకు ఇంకెవరిది?"

సార్జెంటు ముందుకు రాబోతే టారెంట్ చెయ్యెత్తి ఆపాడు.

హిల్డా నవ్వబోయింది. "అబద్ధం. చెప్పు నెడ్, అబద్ధమని."

నెడ్ తన బూట్ల వైపు చూస్తున్నాడు. "నిలుస్తుందనుకున్నాను హిల్డా."

"ఆ అబ్బాయికి చెప్పావా?"

"స్టాన్‌వే వద్దన్నాడు."

"విచారణలో చెప్పావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. హిల్డా అప్పటిదాకా పట్టుకున్న అతని చేతిని వదిలేసింది. ఎనిడ్ కాయిల్ ఆ చెయ్యి వదలడాన్ని చివరిదాకా చూసి, అప్పుడు సార్జెంటు వెంట నడిచింది. ఆమె నడకలో తొందర లేదు.

తిరుగుదారిలో బెరిల్ వ్యాను గేరు మార్చింది. "మీరు ఆయన్ని కాపాడారు సార్," అంది.

"జైలునుంచి," అన్నాడు టారెంట్.

సోమవారం కోర్టులో నెడ్ పార్ఫిట్ మీద కేసు కొట్టేశారు. ఆ సాయంత్రం మేజర్ ఫ్రేన్, మరో ఇద్దరు క్షమాపణ చెప్పడానికి వెళితే, తలుపు తీసింది అతనే. ఇంట్లో ఇంకెవరూ లేరు.

హిల్డా పార్ఫిట్ అంతకు రెండు రోజుల ముందే, 1971 జూన్ 12, శనివారం పొద్దున తొమ్మిదింబావు బస్సులో వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు.