దారిలో దిగే ఊరు

విమానం లా పాజ్ కొండమీది విమానాశ్రయం ఎల్ ఆల్టోలో లేచి అరగంట దాటింది. కంట్రోల్ టవర్లో కర్నల్ బాల్దివియా గొంతు తగ్గించాడు.

"నెమెసియో, 'దూది' ఎక్కిన విమానంలో బాంబుందట."

దూది అంటే ఇర్మా. విదేశీ ముఠా దగ్గర టైపిస్టుగా చేరి, వాళ్ల గుట్టు చెప్పడానికి బ్యూనస్ ఎయిర్స్ వెళుతున్న సాక్షి. ఏజెంటు నెమెసియో నుంచి విడిపోయిన భార్య కూడా. భయం వేస్తుందేమోనని ఏజెంటు కాసేపు ఆగి చూసుకున్నాడు. వెయ్యలేదు. కోకా ఆకు నములుతున్న తన బుగ్గలాగే లోపలంతా మొద్దుబారి ఉంది.

కబురు తెచ్చింది షిమేనా. ముఠాను వదిలి వీళ్లవైపు వచ్చిన అందగత్తె. మెడకు ఎర్ర స్కార్ఫు, చేతిలో పౌడరు డబ్బా.

"రెండు వేల రెండొందల కిలోమీటర్లు, మూడున్నర గంటల ప్రయాణం. మూడో గంటలో పేలుతుంది. వెంటనే అర్జెంటీనాలోని సాల్టాలో దింపించండి కర్నల్ గారూ! ఎనిమిదేళ్లు ఇదే రూట్లో ఎయిర్ హోస్టెస్‌గా చేశాను, నాకు తెలుసు."

కర్నల్ మైకు అందుకున్నాడు.

"ఎనిమిదేళ్లా?" అన్నాడు నెమెసియో. "అయితే చెప్పమ్మా, దారిలో కున్యపే ఎవరి దగ్గర కొనేదానివి?"

"జున్ను రొట్టెలా? దారిలో ఎక్కడ కొంటారయ్యా? ఆకాశంలో అంగడి పెట్టారా? ఎక్కితే నేరుగా బ్యూనస్ ఎయిర్స్‌లోనే దిగడం."

కర్నల్ వేలు మైకు మీటమీదే ఆగిపోయింది.

ఎల్ ఆల్టో పల్చటి గాలిలో, జనంతో నిండిన విమానం పూర్తి ఇంధనంతో లేవలేదు. గంటలో శాంతాక్రూజ్‌లో దిగి, ట్యాంకులు నింపుకుని పోవలసిందే. అక్కణ్ణుంచి కున్యపే తేకుండా వస్తే లా పాజ్‌లో ఏ అత్తా ఊరుకోదు.

"ముఠావాళ్లు మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచారు," అన్నాడు నెమెసియో. "ఈమె ఆ విమానం ఎప్పుడూ ఎక్కలేదు. ఇర్మాను పట్టుకోవడానికి సాల్టాలో దింపడమే వీళ్లకు కావాలి. శాంతాక్రూజ్‌లో ఎలాగూ దిగుతుంది. అక్కడే వెతికించండి."

"బాంబు నిజమైతే?"

"మూడో గంట అని ఆమే చెప్పిందిగా."

షిమేనా వేలు పౌడరు డబ్బా అడుగున, సాల్టాలోని ముఠాకు హెచ్చరిక పంపే మీట మీదికి జారింది. నెమెసియో డబ్బా లాక్కున్నాడు. సాల్టా రన్‌వే చుట్టూ అక్కడి పోలీసులు సర్దుకున్నారని ఫోనొచ్చాక, ఆ మీట తనే నొక్కాడు. ఫైర్ సిబ్బంది వేషంలో ఫైర్ ఇంజనులో దాగిన ముఠా, పారిపోబోయి గంట మోగించుకుంటూ తిన్నగా పోలీసుల చేతుల్లోకే వచ్చింది.

"నీకసలు చీమ కుట్టినట్టయినా లేదా?" అంది షిమేనా, బేడీలు వేస్తుంటే. "పైనున్నది నీ పెళ్లాం!"

అతను నమిలిన ఆకు పిప్పిని చెత్తబుట్టలో ఉమ్మేశాడు.

శాంతాక్రూజ్ నుంచి ఫోను. బాంబు లేదు. ఇర్మా క్షేమం.

"ఆవిడ నీకో మాట చెప్పమందట," అన్నాడు కర్నల్. "కున్యపే అయిపోయాయట. ఇంటికి వస్తూ నీ కోసం తీసుకొస్తానని."

"ఇంటికి వస్తూ అందా?"

"అలాగే అందట."

నెమెసియో బుగ్గలో ఏదో సలిపింది. ఇన్నాళ్లకు గుండె కదిలిందేమో అనుకున్నాడు. ఆకు మత్తు దిగింది. సలిపింది పుచ్చిపన్ను.