తెరిచే ఉన్న తలుపుకి పాచిక

“తలుపుకి గడియ లేదు, తాళం లేదు. చేత్తో తోస్తే తెరుచుకుంటుంది. దీనికి పాచిక ఎందుకండీ?”

“రూల్ అండీ. ఏ తలుపైనా సరే, పది దాటితేనే తెరుచుకుంటుంది.”

“అయితే మీ క్లినిక్ తలుపు తియ్యడానికి కూడా రోజూ పాచిక వేస్తారా?”

పళ్ల డాక్టరుకీ, లిఫ్టు ఇంజనీరుకీ పరిచయం ఇలా తగువుతోనే మొదలైంది. ఆదివారం క్లినిక్ మూసి ఉంటుంది కాబట్టి, పేషెంట్లు కూర్చునే గదిలో డాక్టరు ఈ ఆట పెట్టాడు. తలా ఒక పాత్ర తీసుకోవాలి. డాక్టరు కథ నడుపుతాడు. ఎవరి సాహసం ఫలిస్తుందో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. డాక్టరు చెల్లెలు తన ఆఫీసు స్నేహితురాలైన ఈ ఇంజనీరుని లాక్కొచ్చింది. ఆవిడ వచ్చిన గంటలోనే రూల్సు పుస్తకాన్ని ఉతికి ఆరేసింది.

“ఇనప కవచం వేసుకుంటే ఈత ఇంకా బాగా వస్తుందట! ఇది రాసినాయన బకెట్లో తప్ప నీళ్లు చూడలేదా?”

డాక్టరుకి ఒళ్లు మండింది. పీడ విరగడైంది, ఇక రాదులే అనుకున్నాడు. పై ఆదివారం ఆమె అందరికంటే ముందొచ్చి మెట్ల మీద కూర్చుంది. వారానికో కొత్త తప్పు పట్టుకొచ్చేది, తిట్టేది, తన పొట్టి దొంగ పాత్రకి మంచి పాచిక పడగానే కుర్చీలో గొంతుక్కూర్చుని చప్పట్లు కొట్టేది.

ఆ చప్పట్ల కోసం డాక్టరు వారమంతా కొత్త కోటలు, కొత్త రాక్షసులు తయారుచేసేవాడు. ఓ పెద్దాయన్ని “నోరు తెరవండి” అనబోయి “తలుపు తెరవండి” అని హడలగొట్టాడు కూడా.

చిక్కల్లా ఒక్క రూలుతోనే. పాత్ర చచ్చిపోతే, ఆ కథ పూర్తయ్యేదాకా ఆ మనిషి ఆటకి రాకూడదు. ఈ కథేమో ఇప్పట్లో తేలేది కాదు. పొట్టి దొంగేమో ఎక్కడ రాక్షసుడుంటే అక్కడికి పోయి వాడి ముక్కు గిల్లుతుంది!

అందుకే డాక్టరు అబద్ధాలు మొదలుపెట్టాడు. ‘పళ్లు ఇలా తోముకోండి’ అన్న అట్ట పోస్టరు అడ్డం పెట్టుకుని, దాని వెనక రాక్షసుల పాచికలు వేసేవాడు. పదిహేను పడితే నాలుగనేవాడు.

ఆ రోజు జోరున వాన. రాక్షసుడు దొంగ మీదికి గద ఎత్తాడు. డాక్టరు పాచిక విసిరాడు.

“రెండు! గురి తప్పింది!”

కిటికీ రెక్క దబాలున తెరుచుకుంది. గాలికి పోస్టరు పడిపోయింది. బల్ల మీద పాచిక ఇరవై చూపిస్తోంది. ఇరవై పడితే ఆ దెబ్బకి చావే.

“అన్నయ్యా!” అంది చెల్లెలు.

ఇంజనీరు ముఖం ఎర్రబడింది. “ఎన్నాళ్లుగా ఈ మోసం?”

“మీరొచ్చిన రెండో వారం నుంచి.”

“నా మీద జాలా?”

“జాలి కాదండీ. దొంగ చచ్చిపోతే మీరు రారు. మీరు రాని ఆదివారం నాకొద్దు.”

ఆమె పాచికని చూసింది, అతన్ని చూసింది. “రూలు రూలే. నేను చచ్చాను,” అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

పై ఆదివారం మెట్లు ఖాళీ. డాక్టరు ఉండబట్టలేక చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆమె ఇంటికెళ్లి బెల్లు కొట్టాడు.

“పది దాటితేనే తలుపు!” లోపల్నుంచి ఇంజనీరు గొంతు.

డాక్టరు జేబులోంచి పాచిక తీసి, గుమ్మం ముందు చతికిలబడి వేశాడు. మూడు.

“పదిహేను అని చెప్పెయ్,” చెల్లెలు గుసగుసలాడింది.

అతను తల అడ్డంగా ఊపాడు. “మూడండీ.”

లోపల్నుంచి ఇంజనీరు వాళ్లమ్మ గొంతు వినబడింది. “గడియైనా వెయ్యని తలుపుకి ఏమిటే ఈ నాటకం? వారమంతా ఆ ఆట లేదని నా బుర్ర తిన్నావు. అబ్బాయిని లోపలికి రానీ!”

తలుపు తెరుచుకుంది.

“ఈ రూలు తప్పని మొదటి రోజే చెప్పానా లేదా?” అంది ఇంజనీరు, నవ్వు ఆపుకుంటూ. “నీ ఆటనిండా తప్పులే. నువ్వూ అంతే. అయినా ఆదివారమైతే కాళ్లు అటే లాగుతున్నాయి, నేనేం చెయ్యను?”

‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయిపోయేసరికి డాక్టరు సంతోషంతో ఉక్కిరిబిక్కిరయ్యాడు.

“మరి చచ్చినవాళ్లు రాకూడదుగా?” చెల్లెలు అడిగింది.

“దెయ్యమై వస్తాను. దెయ్యాల గురించి మీ పుస్తకంలో ఒక్క రూలూ లేదు, మొత్తం చూశాను. వచ్చి మీ అన్నయ్యని పట్టుకుంటాను.”

“కొత్తగా పట్టుకునేదేముంది,” అంది చెల్లెలు, చెప్పులు విప్పుతూ. “ఎప్పుడో పట్టేశావుగా!”